తలరాతను నమ్మని మాస్టారు – గోరా



పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు హాస్టల్ వరండాలో కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. నా తలరాత ఇంతే అని ఒకరు అంటారు. నా ఖర్మ అని ఇంకొకరు అంటారు. ఇంటికి ఫోన్ చేస్తే పెద్దవాళ్లు గ్రహచారం బాగా లేదంటారు. మంచి మార్కులు వచ్చినవాడిని చూసి వాడికి ప్రాప్తం ఉందంటారు. రాసిపెట్టి ఉండాలి అనేవాళ్లు కూడా ఉంటారు. ఈ మాటలన్నింటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. జరగబోయేది ముందే నిర్ణయమైపోయింది, మనం చేయగలిగింది ఏమీ లేదు అన్నదే ఆ నమ్మకం.

మన గోపన్‌పల్లిలోనే చూడండి. ఒకవైపు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి హైదరాబాద్ క్యాంపస్ ఉంది. పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. కొంచెం దూరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు కనిపిస్తాయి. ఆ దారిలో వెళ్లే కొత్త కార్లకు మాత్రం నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టి ఉంటాయి. చదువు పెరిగినంత మాత్రాన భయం పోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ భయాన్ని, ఈ తలరాత నమ్మకాన్ని జీవితమంతా ప్రశ్నించిన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు గారు. ఆయన జీవితం మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినది.

బాల్యం – చదువు

గోరా 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపూర్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. వారిది ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబం. మడి, శకునం, తిథి, వారం, వర్జ్యం చూడకుండా ఆ ఇంట్లో ఏ పనీ మొదలయ్యేది కాదు. 1922లో ఆయనకు సరస్వతి గారితో వివాహం జరిగింది. అప్పటికి ఆమె వయసు పదేళ్లు. ఆ కాలంలో అది మామూలు విషయం.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోనూ చదివి వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. మధురలో అధ్యాపకుడిగా పనిచేశారు. అక్కడ మతం మారితే పై చదువులకు సాయం అందుతుందన్న సూచన వచ్చినా ఆయన ఒప్పుకోలేదు. తర్వాత కోయంబత్తూరులో వ్యవసాయ పరిశోధనలోనూ, కొలంబోలోని ఆనంద కళాశాలలోనూ పనిచేశారు.

ఆయన పుట్టుకతో నాస్తికుడు కాదు. ఒక్కొక్క నమ్మకాన్నీ పరీక్షించి చూస్తూ ఆ దారికి వచ్చారు. దయ్యాల కొంపగా పేరుపడ్డ ఇంట్లో కావాలనే కాపురం ఉన్నారు. దయ్యం రాలేదు. అద్దె మాత్రం తక్కువైంది! వృక్షశాస్త్రంలో మొక్కను కోసి చూసి తెలుసుకున్నట్లే నమ్మకాన్ని కూడా చేసి చూసి తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి.

గ్రహణం – గర్భిణి

మన భాషలో ఒక మాట ఉంది. పై పెదవి చీలి పుట్టిన పసిబిడ్డకు గ్రహణం మొర్రి ఉందంటాం. తల్లి గర్భంతో ఉండగా గ్రహణం వేళ కదిలిందనీ, కత్తిపీట పట్టుకుందనీ, అందుకే బిడ్డ ఇలా పుట్టిందనీ దాని భావం. ఒక మాటలోనే ఒక మూఢనమ్మకం, ఒక తల్లి మీద నేరారోపణ రెండూ ఇమిడి ఉన్నాయి.

సరస్వతి గారు గర్భవతిగా ఉన్న రోజుల్లో గ్రహణం వచ్చింది. అందరూ వద్దన్నా ఆమె గదిలో పడుకోలేదు. మామూలుగానే తిరిగారు. భర్త చెప్పినందుకు తలూపి ఊరుకోకుండా తన ఒంటి మీదే, తన బిడ్డ మీదే పరీక్షకు సిద్ధపడిన ధైర్యం ఆమెది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. తర్వాతి కాలంలో ఆ దంపతులు గ్రహణం రోజున గర్భిణులను బయటికి పిలిచి నలుగురిలో ఈ భయం పోగొట్టే కార్యక్రమాలు చేశారు.

వైద్యశాస్త్రం చెప్పేదేమిటంటే, గర్భం దాల్చిన మొదటి రెండు మూడు నెలల్లో ముఖంలోని భాగాలు సరిగా అతుక్కోకపోతే పెదవి చీలిక వస్తుంది. వంశపారంపర్యం, తల్లి పోషకాహారం, పొగాకు, కొన్ని మందులు దీనికి కారణాలు కావచ్చు. నేడు చిన్న శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు.

రెండుసార్లు పోయిన ఉద్యోగం

కొలంబో నుంచి తిరిగి వచ్చి 1928లో గోరా కాకినాడ పి.ఆర్. కళాశాలలో చేరారు. జంధ్యం తీసేశారు. ఫలితంగా కన్నవారి ఇల్లు విడిచి పోవలసి వచ్చింది. దేవుడు అనే భావన మీద తన అభిప్రాయాలు రాసినందుకు 1933లో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. 1939లో అదే కారణంగా అదీ పోయింది.

ఎం.ఏ. చదివిన మనిషి. పిల్లలున్న సంసారం. నోరు మూసుకుని పాఠం చెప్పుకుంటే జీతం వచ్చేది. అయినా ఆయన మాట మార్చుకోలేదు. కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థులు పిలిస్తే అక్కడికి వెళ్లి 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. పూరిపాకలో ఉంటూ వయోజనులకు చదువు చెప్పారు. అంటరానివారని ఊరు దూరంగా ఉంచిన వాడల్లోకి వెళ్లి కలిసి భోజనం చేశారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో భార్యాభర్తలిద్దరూ జైలుకు వెళ్లారు. 1947లో కేంద్రాన్ని విజయవాడ పటమటకు మార్చారు.

పిల్లలకు పేర్లు పెట్టడంలో కూడా వారు పంచాంగం చూడలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం. తొమ్మిదో సంతానం పేరు నౌ. హిందీలో నౌ అంటే తొమ్మిది. పుట్టిన నక్షత్రాన్ని బట్టి కాక పుట్టిన కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి.

ఆకాశంలో ఉన్న క్రమం

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. గ్రహణం ఎప్పుడు వస్తుందో పంచాంగం ముందే చెబుతోంది కదా, అది నిజమవుతోంది కదా, అలాంటప్పుడు మన భవిష్యత్తు కూడా ముందే చెప్పవచ్చు కదా అని. ఇది మంచి సందేహమే.

1962 ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, కేతువు మకర రాశిలో చేరాయి. దీన్ని అష్టగ్రహ కూటమి అన్నారు. ప్రళయం వస్తుందని దేశమంతా భయపడింది. యజ్ఞాలు, యాగాలు, హోమాలు చేశారు. గ్రహాలు లెక్క ప్రకారం ఒకచోట చేరాయి. లెక్క ప్రకారమే విడిపోయాయి. ప్రళయం రాలేదు. అంటే గణితం నిజమైంది, జోస్యం అబద్ధమైంది. ఈ రెండూ వేరు వేరు అని మనం గుర్తించాలి.

ఆ అమావాస్య నాడే పసిఫిక్ మహాసముద్రం మీద సంపూర్ణ సూర్యగ్రహణం కూడా పట్టింది. సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు అదే అమరికకు మళ్లీ రావడానికి 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలు పడుతుంది. దీన్ని సారోస్ చక్రం అంటారు. 1962 ఫిబ్రవరి 5కు 18 సంవత్సరాల 11 రోజులు కలపండి. 1980 ఫిబ్రవరి 16 వస్తుంది. సరిగ్గా ఆ రోజే మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. హైదరాబాద్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. అదే సమయంలో జనం తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చున్నారని, వీధులన్నీ బోసిపోయాయని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు సాయంత్రం, మన ఊరి నుంచి కనిపించిన పాక్షిక సూర్యగ్రహణం కూడా ఇలాంటి లెక్క ప్రకారం వచ్చినదే.

విశ్వంలో క్రమం ఉంది. అది నిజం. ఆ క్రమం సూర్యచంద్రుల దారిని చెబుతుంది. ఎవరికి ఉద్యోగం వస్తుందో, ఎవరు ఫెయిల్ అవుతారో చెప్పదు.

గాలిలో ఉన్న గందరగోళం

ఫ్రాన్సు దేశపు గణితవేత్త లాప్లాస్ 1814లో ఒక ఊహ చేశాడు. విశ్వంలోని ప్రతి కణం ఎక్కడుందో, దాని మీద ఏ బలాలు పనిచేస్తున్నాయో పూర్తిగా తెలిసిన మేధస్సు ఉంటే దానికి భవిష్యత్తు మొత్తం కళ్లముందు ఉన్నట్లే అని దాని సారాంశం. దీన్నే నియతివాదం అంటారు. తలరాతకు ఇది శాస్త్రం వేషం వేసినట్లు కనిపిస్తుంది.

కాని అదే దేశానికి చెందిన పాయింకరే అనే గణితవేత్త 1890లో ప్రచురించిన పరిశోధనలో ఒక చిక్కును బయటపెట్టాడు. ఒకదాన్నొకటి ఆకర్షించుకునే మూడు గోళాల కదలిక కూడా ఊహకు అందనంత జటిలంగా మారగలదని తేల్చాడు. 1961లో అమెరికాలో లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్‌లో లెక్క వేస్తూ 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని ఇచ్చాడు. వేయింట ఒక వంతు కూడా లేని తేడా అది. కాసేపటికి రెండు లెక్కల్లోని వాతావరణం పూర్తిగా వేరైపోయింది. నియమం మారలేదు. మొదట్లో ఉన్న చిన్న తేడా పెరిగి పెద్దదైంది. దీన్నే శాస్త్రజ్ఞులు కేయాస్ అంటున్నారు.

ఇది అర్థం కావాలంటే మన హాస్టల్ కేరమ్ బోర్డు చాలు. మధ్యలో కాయిన్లు పేర్చి స్ట్రైకర్‌తో మొదటి దెబ్బ కొడతాం. ప్రతి కాయినూ న్యూటన్ నియమాల ప్రకారమే కదులుతుంది. అయినా ఒకసారి చెదిరినట్లు ఇంకోసారి చెదరదు. వేలు వెంట్రుకవాసి పక్కకు జరిగితే రెడ్ కాయిన్ ఇంకో మూలకు పోతుంది. నియమం ఉండటం వేరు, ముందే చెప్పగలగడం వేరు. చివరికి గ్రహాల కక్ష్యలను కూడా పదుల కోట్ల సంవత్సరాల తర్వాత ఎలా ఉంటాయో కచ్చితంగా లెక్క కట్టలేమని 1989 తర్వాతి పరిశోధనలు చూపించాయి.

గ్రహణాన్ని వందేళ్ల ముందు చెప్పగలం. తుపానును నెల ముందు చెప్పలేం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు దాదాపు పది వేల మంది మరణించారు. ముదునూరు ఉన్న కృష్ణా జిల్లాలోనే ఈ ఘోరం జరిగింది. అప్పటికి గోరా లేరు. నాస్తిక కేంద్రం కార్యకర్తలు వెళ్లి బాధితులకు సేవ చేశారు. అది వారి ఖర్మ అని ఊరుకుని ఉంటే తుపాను షెల్టర్లు కట్టేవాళ్లం కాదు. ఉపగ్రహాలు, రాడార్లు, ముందస్తు హెచ్చరికలు, జనాన్ని తరలించే ఏర్పాట్లు వచ్చాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటలేదు. గాలికి గందరగోళం ఉంది. మనిషికి ప్రయత్నం ఉంది.

మనుషులు రాసిన రాత

గోరా తుపానుల శాస్త్రవేత్త కాదు. ఆయన దృష్టి మనిషి మీద ఉంది. తాను దేనికో బానిసననుకున్న మనిషి బాధ్యత తీసుకోడు, తాను స్వతంత్రుడననుకున్న మనిషి తీసుకుంటాడు అన్నది ఆయన ఆలోచనకు మూలం. 1972లో వెలువడిన పాజిటివ్ ఎథీజం గ్రంథంలో ఆయన దీన్నే వివరించారు. దేవుడు లేడని వాదించి గెలవడం కంటే మనిషి స్వేచ్ఛగా, బాధ్యతగా బతకడం ఆయనకు ముఖ్యం. ప్రతిదానికీ కారణం ఉన్నప్పుడు మనిషికి స్వేచ్ఛ ఎక్కడిది అనే ప్రశ్న మీద తత్వవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. గోరా ఆ వాదం తేలేదాకా ఆగలేదు. పని మొదలుపెట్టారు.

మన దేశంలో తలరాత అని చెప్పిన వాటిలో పెద్దది కులం. పూర్వజన్మలో చేసుకున్నదానికి ఈ జన్మలో అనుభవిస్తున్నారని వేల సంవత్సరాలు చెప్పారు. దాహం వేసినా బావి దగ్గరికి రానివ్వలేదు. పలక పట్టనివ్వలేదు. ఇది నక్షత్రాలు రాసిన రాత కాదు. మనుషులు రాసిన రాత. మనుషులు రాసిన దాన్ని మనుషులు చెరపగలరు. గోరా తన ఇంటి నుంచే చెరపడం మొదలుపెట్టారు.

1944లో ఆయన సేవాగ్రాంలో గాంధీజీని కలిశారు. ఒకరు దైవభక్తుడు, ఒకరు నాస్తికుడు. అయినా అంటరానితనం పోవాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు. తన పెద్ద కుమార్తె మనోరమను అంటరానివారిగా చూడబడ్డ కులానికి చెందిన అర్జునరావు గారికి ఇచ్చి పెళ్లి చేస్తానని గోరా చెప్పారు. గాంధీజీ సంతోషించి సేవాగ్రాంలోనే చేద్దామన్నారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి కూడా అంగీకరించారు. ఆ పెళ్లి చూడకుండానే 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. అదే సంవత్సరం సేవాగ్రాంలో వివాహం జరిగింది. 1960లో కుమారుడు లవణం మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతను వివాహం చేసుకున్నారు. అంటరానితనం పోవాలని ఉపన్యాసం ఇచ్చి ఇంటికి వెళ్లి కులంలోనే సంబంధం చూసుకునే నాయకులు ఎందరో ఉన్న కాలంలో ఈ కుటుంబం ఆ పని చేసింది.

ఇంకొక ఉదాహరణ చెప్పాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని తెగల్లో పుట్టిన ప్రతి బిడ్డా పుట్టుకతోనే దొంగ అని ఆ చట్టం అన్నట్లే. స్టువర్టుపురం అలాంటివారిని ఉంచడానికి ఏర్పడిన సెటిల్‌మెంట్. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. 1970లలో లవణం, హేమలత దంపతులు ఆ ఊరికి వెళ్లి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. ఎందరో నేరజీవితం వదిలి మామూలు జీవితంలోకి వచ్చారు. పుట్టుకే తలరాత అయితే ఇది జరిగేది కాదు కదా.

చివరి రోజులు

గోరా 1949లో సంఘం అనే తెలుగు పత్రికను, 1969లో ది ఎథీస్ట్ అనే ఇంగ్లీషు మాసపత్రికను ప్రారంభించారు. మంత్రులు, నాయకులు నిరాడంబరంగా బతకాలని కోరుతూ 1961–62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా కాలినడకన వెళ్లారు. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపారు. 1975 జులై 26న విజయవాడలో కన్నుమూశారు. చివరి వరకు సభల్లో మాట్లాడుతూనే ఉన్నారు. శతజయంతి సందర్భంగా 2002లో భారత తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు విడుదల చేసింది. సరస్వతీ గోరా గారు 2006 వరకు జీవించి ఆ పనిని కొనసాగించారు.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! గోరా గారిలాగా మీరందరూ నాస్తికులు కావాలని నేను చెప్పడం లేదు. మన హాస్టల్లో చర్చికి వెళ్లేవారు, గుడికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు అందరూ ఉన్నారు. అది ఎవరిష్టం వారిది. గాంధీజీ దేవుణ్ణి నమ్ముతూనే గోరాతో కలిసి నడిచారు. కాని ఎవరి పెరట్లోనో పనిచేయడం నా రాత, చదువు నా రాతలో లేదు అని మాత్రం నమ్మకండి.

కష్టపడితే చాలు అన్నీ అవే వస్తాయని చెప్పినా అది అబద్ధమే అవుతుంది. మనందరం ఒకే గీత దగ్గర పరుగు మొదలుపెట్టలేదు. కొందరికి ఇంట్లో పుస్తకాల బీరువా ఉంది, కొందరికి కరెంటు కూడా లేదు. లోరెంజ్ లెక్కలో లాగా మొదట్లో ఉన్న తేడా తర్వాత పెరిగి పెద్దదవుతుంది. అందుకే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఒక దుప్పటి, ఒక ట్రంకుపెట్టె, సాయంత్రం ట్యూషన్ చెప్పే మాస్టారు అనేవి చిన్న విషయాలు కావు. మొదట్లోనే దారిని కొంచెం జరిపే విషయాలు అవి. ఈ హాస్టల్ నుంచి వెళ్లినవారు ఊళ్లో తమ్ముళ్లకు ఒక అప్లికేషన్ ఫారం నింపిపెట్టినా చాలు, ఒక జీవితం ఇంకో వైపు తిరగవచ్చు. ఎటు తిరుగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. చెప్పలేకపోవడమే మనకున్న ఆశ.

ఈసారి ఫలితాలు వచ్చిన రోజు ఎవరైనా వరండాలో కూర్చుని నా తలరాత ఇంతే అంటే వాడి పక్కన కూర్చోండి. సప్లిమెంటరీకి ఫీజు కట్టే చివరి తేదీ ఎప్పుడో కనుక్కుని చెప్పండి. ఏ సబ్జెక్టు పోయిందో అడిగి పుస్తకం తెరవండి. గోరా మాస్టారికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.